రాళ్ళెక్కే బొమ్మబండి

ఈ హాబీ గురించి ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే. "ఎంత స్పీడు పోతుంది?" అని. మనిషి నడక కన్నా తక్కువ అని చెప్పగానే ఎదుటి మనిషి మొహంలో ఆసక్తి ఠక్కున ఆరిపోతుంది. పాపం వాళ్ళ తప్పేం లేదులెండి. రిమోట్ కారు అంటే మనందరికీ తెలిసింది, అపార్ట్‌మెంట్ సెల్లార్లో రయ్యిమని తిరిగి, పిల్లర్‌కి గుద్దుకుని, మూడో రోజుకి ఓ చక్రం ఊడిపోయి అటకెక్కే సరుకే కదా. నేను చెప్పేది దానికి పూర్తిగా ఉల్టా. దీన్ని రాక్ క్రాలర్ అంటారు. దీని పని పాకడం. ఒక బండరాయి దగ్గరికెళ్ళి, దాన్ని కాసేపు అటూ ఇటూ తిరిగి చూసి, ఎడమవైపు ముందు చక్రం ఎక్కడ ఆనించాలో తేల్చుకుని, అంగుళం అంగుళం చొప్పున పైకెక్కించడం. మూడడుగుల ఎత్తు ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టిందంటే ఆ ఆదివారం బ్రహ్మాండంగా గడిచినట్టు లెక్క.

"దీనికి డబ్బులు కూడా పెట్టావా?" అన్నాడు మా టీంలో ఒకడు. పెట్టాను గురూ. ఎందుకు పెట్టానో, మీకూ ఆ బుద్ధి పుడితే ఎక్కడ మొదలెట్టాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ మొదలెట్టకూడదో చెబుదామనే ఇదంతా.

ముందు కాస్త పూర్వకథ. క్రాలింగ్ బొమ్మలతో పుట్టింది కాదు, నిజం జీపులతో పుట్టింది. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రెయిల్ అని ఒక దారి ఉంది. దారి అని మర్యాదకి అనాలి గానీ, చాలాచోట్ల అది బండరాళ్ళ కుప్పే. ఇరవై మైళ్ళ పైచిలుకు ఉంటుంది. 1953 నుంచీ అక్కడికి జీపులున్నవాళ్ళు ఏటా తీర్థానికి వెళ్ళినట్టు గుంపుగా వెళ్తున్నారు. జీపర్స్ జాంబోరీ అంటారు దాన్ని. జీప్ రాంగ్లర్‌లో రూబికాన్ అనే మోడల్‌కి ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. యూటాలో మోయాబ్ ఊరి దగ్గర 1967 నుంచి ఈస్టర్ రోజుల్లో ఇలాంటిదే ఇంకో జాతర. ఆ జీపుల్లో ఉన్న కిటుకులే వరసబెట్టి ఈ చిన్న బళ్ళలో కూర్చున్నాయి. అందుకే నేను దీన్ని బొమ్మ అనడానికి కాస్త మొహమాటపడతాను. కస్టమ్స్ వాళ్ళు మాత్రం అస్సలు మొహమాటపడరు. ఆ సంగతి తర్వాత.

రేడియో కంట్రోల్లో మొదట రెడీమేడ్ క్రాలర్ అంటూ ఏదీ లేదు. జపాన్‌లోని టమియా కంపెనీ 1987లో క్లాడ్ బస్టర్ అని పెద్ద పెద్ద చక్రాల ట్రక్కొకటి తెచ్చింది. దానికి ముందు ఇరుసు మీద ఒక మోటారు, వెనక ఇరుసు మీద ఒక మోటారు. కొంతమంది ఉత్సాహవంతులు దాన్ని విప్పేసి, ఆ ఇరుసులు రెండూ ఉంచుకుని, మధ్యలో సొంతంగా ఛాసిస్ కట్టుకుని రాళ్ళెక్కించడం మొదలెట్టారు. చెట్టు కింద కూర్చుని స్కూటర్‌ని ఇంకేదో చేసే మన మెకానిక్కుల బాపతే అన్నమాట. 2000 దశకం చివర్లో యాక్సియల్ అనే అమెరికన్ కంపెనీ అచ్చంగా ఈ పనికోసమే బళ్ళు చెయ్యడం మొదలెట్టాక ఇది జనంలోకి వచ్చింది. 2017లో ట్రాక్సస్ వాళ్ళ టీఆర్ఎక్స్-4 వచ్చింది. రిమోట్‌లోంచే డిఫరెన్షియల్ లాక్ చేసుకోవచ్చు, గేర్లు మార్చుకోవచ్చు. ఇవన్నీ అసలు జీపులో పదో వంతు సైజువి. ఆ తర్వాత ఇంకా చిన్నవి దిగాయి. 2020 ప్రాంతం నుంచి యాక్సియల్ ఎస్‌సీఎక్స్24, అంటే అసలు బండిలో ఇరవై నాలుగో వంతు, అరచేతిలో పట్టేస్తుంది. 2022లో ట్రాక్సస్ వాళ్ళది టీఆర్ఎక్స్-4ఎం, పద్దెనిమిదో వంతు.

ఇప్పుడు కిటుకుల సంగతి. నాకు ఈ బండి మీద మనసు పడింది ఇక్కడే.

మామూలు కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ పెడతారు. రోడ్డు మీద అది దేవుడు, రాయి మీద శని. ఎందుకంటే ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, మోటారు తిప్పుడంతా ఎటు సులువుగా ఉంటే అటు, అంటే ఆ గాల్లో ఉన్న చక్రానికే పోతుంది. అది గిర్రుమని తిరుగుతూ ఉంటుంది, నేల మీదున్న రెండోది మనవంక జాలిగా చూస్తూ ఉంటుంది. వానాకాలంలో బురదలో దిగబడ్డ కారుని వెనకనుంచి తోసి, చొక్కా పాడుచేసుకున్న వాళ్ళందరికీ ఈ సీను తెలిసే ఉంటుంది. క్రాలర్‌లో ఆ డిఫరెన్షియల్‌ని లాక్ చేసి పారేస్తారు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలా రెండు చక్రాలూ కలిసే తిరగాలి, ఒకటి గాల్లో ఉన్నా రెండోది లాగుతుంది. దీనికి మూల్యం ఏమిటంటే బండి మలుపు తిరగడానికి బోలెడు చోటు కావాలి. రాయి మీద ఆ మూల్యం చెల్లించొచ్చు.

రెండోది డ్రాగ్ బ్రేక్. ట్రిగ్గర్ వదిలేస్తే మామూలు రిమోట్ కారు కాస్త దూరం దొర్లి ఆగుతుంది. క్రాలర్ అలా దొర్లితే కొంప మునిగినట్టే. వదిలిన చోటే, ఏటవాలు బండ మీదైనా సరే, బల్లిలా కరుచుకుని ఉండిపోవాలి. ఆ పని స్పీడ్ కంట్రోలర్ చేస్తుంది. ట్రిగ్గర్ సున్నాకి రాగానే మోటారునే బ్రేకుగా వాడుతుంది. ఇది ఉంటేనే మనం ఆగి, ఆలోచించి, మళ్ళీ ఒక అంగుళం కదపగలం.

మూడోది మోటారు. బ్రష్‌లుండే మోటార్ల మీద 35టీ, 55టీ అని అంకెలు రాసుంటాయి. టీ అంటే లోపల చుట్టిన తీగ చుట్లు. చుట్లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, అతి నెమ్మదిగా నడపడం సులువవుతుంది. రేసు కార్ల వాళ్ళు ఈ అంకె తగ్గించడానికి తాపత్రయపడతారు, మనం పెంచుకోవడానికి. పోర్టల్ యాక్సిల్ అని ఇంకోటుంది. ఇరుసు చక్రం మధ్యలోకి కాకుండా కాస్త పైగా వచ్చి, చక్రం దగ్గర చిన్న గేరుపెట్టె ద్వారా కిందికి దిగుతుంది. దాంతో ఇరుసు కింద ఖాళీ పెరిగి, రాళ్ళకి పొట్ట తగలకుండా పోతుంది. మెర్సిడెస్ వాళ్ళ యూనిమాగ్ ట్రక్కుల్లో ఉన్న ఏర్పాటే ఇది.

సరే, ఇవన్నీ పెట్టెలోనే వచ్చేస్తాయి. మరి కొన్నాక మనవాళ్ళు ఏం చేస్తారు? సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, స్పెసిఫికేషన్లు చదువుతాం. పెద్ద మోటారు, మూడు సెల్లుల బ్యాటరీ, ఖరీదైన బ్రష్‌లెస్ సిస్టం... ప్రొడక్షన్లో క్వెరీ నెమ్మదిగా ఉంటే ఇండెక్స్ చూడకుండా సర్వర్‌కి ఇంకో 64 జీబీ ర్యాం వెయ్యమనే మేనేజర్ లాంటి ఆలోచన ఇది. బండి రాయి ఎక్కలేక టైరు గిర్రున జారుతోందంటే పవర్ చాలక కాదండీ. పట్టు చాలక. పవర్ పెంచితే ఇంకా వేగంగా జారుతుంది, అంతే.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు టైర్లు. ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల ఫోమ్ ఉంటుంది, నొక్కినప్పుడు గాలి పోవడానికి ఓ చిన్న చిల్లు ఉంటుంది. మెత్తటి రబ్బరు టైరు రాయి అంచుకి తగలగానే ఆ అంచుని మింగినట్టు చుట్టుకుపోతుంది. గట్టి టైరు అదే అంచు మీద ఒక్క గీతలా ఆనుతుంది, జారుతుంది. షాపులో కొనే ముందు బొటనవేలితో నొక్కి చూడండి. మామిడిపండు చూసినట్టే. మరీ మెత్తగా ఉన్నా ఇబ్బందే, పక్కకి వాలే చోట టైరు మడతపడి బండి పల్టీ కొడుతుంది. ముందు టైర్లలో కాస్త మెత్తటి ఫోమూ, వెనక కాస్త గట్టి ఫోమూ వేసుకునేవాళ్ళున్నారు. ఇలాంటి చర్చ మొదలైతే తెల్లారిపోతుంది, వదిలేద్దాం.

రెండోది బరువు. ఎంత బరువు అనేదానికన్నా ఎక్కడుంది అనేది ముఖ్యం. నిటారు బండ ఎక్కేటప్పుడు బరువంతా వెనక చక్రాల మీదికి పోతుంది. ముందు తేలికై లేస్తుంది, బండి వెల్లకిలా పడుతుంది. ఆ లేవకుండా ఉండటానికి ముందు ఇరుసు దగ్గర, చక్రాల లోపల ఇత్తడి ముక్కలు బిగిస్తారు. అవును, ఇత్తడే. మన బిందెల ఇత్తడి. బరువు ఎంత కిందకి ఉంటే అంత మంచిది, కొండపల్లి రాజారాణి బొమ్మల కన్నా తంజావూరు తలాడించే బొమ్మ పడిపోకుండా ఉండేది అందుకే. ఇక్కడే ఒక ముచ్చటైన గొడవ ఉంది. ఈ హాబీలో సగం మందికి బండి అచ్చం నిజం జీపులా కనపడాలి. దాని టాపు మీద రాక్, రాక్ మీద చిట్టి చిట్టి నూనె డబ్బాలు, తాడు, గొడ్డలి, లాంతరు, పక్కన ఇంకో టైరు. చూడ్డానికి కళ్ళు చాలవు. కానీ పైన పెట్టిన ప్రతి గ్రామూ ఆ బండిని పల్టీ కొట్టించడానికి పనిచేస్తుంది. మిగతా సగం మంది టాపే పీకి పారేసి, ఎముకల గూడు లాంటి బండి నడుపుతారు. నేను రెండో పార్టీ. డబ్బాలు పెట్టుకునేవాళ్ళతో నాకు తగువేం లేదు, బండి పడ్డప్పుడు ఆ డబ్బాలు ఏరుకోడానికి సాయం కూడా చేస్తాను.

మూడోది స్టీరింగ్ సర్వో. రెండు రాళ్ళ మధ్య ఇరుక్కున్న ముందు చక్రాన్ని తిప్పడానికి బలం కావాలి. పదో వంతు బండికి 20 నుంచి 25 కేజీ-సెంటీమీటర్ల టార్క్ ఉన్న సర్వో అయితే దిగులుండదు. పెట్టెలో వచ్చేవి చాలావరకు బక్కప్రాణులు. ఈ మూడూ అయ్యాక కూడా డబ్బులు మిగిలితే అప్పుడు మోటారు గురించి ఆలోచించండి. చాలామందికి ఆ అవసరం రాదు.

ఇంతకీ ఏ సైజుతో మొదలెట్టాలి? నా మట్టుకు నాకు చిన్నదే. ఇరవై నాలుగో వంతుదో, పద్దెనిమిదో వంతుదో. అమెరికాలో ఇవి నూటయాభై, రెండొందల డాలర్ల ప్రాంతంలో ఉంటాయి, పెద్దవి చాలావరకు దానికి రెండు మూడు రెట్లు. చిన్నదానికి బయటికి పోవాల్సిన పని లేదు. రాత్రి పదింటికి అమెరికా కాల్ అయ్యాక, నాలుగు పుస్తకాలు, రెండు దిండ్లు, ఓ చెప్పుల జత పేర్చుకుంటే అదే రూబికాన్. కుండీలో గులకరాళ్ళు పోస్తే అదే మోయాబ్. దీనికి లోపం లేకపోలేదు. చిన్న బండి ఊరికే పల్టీ కొడుతుంది, మనకి కంకర అనిపించేది దానికి కొండ. కానీ చిన్నది పడితే ఏమీ విరగదు. మూడు కిలోల పెద్ద బండి నాలుగడుగుల బండ మీంచి పడితే మాత్రం శబ్దం గుండెలో వినిపిస్తుంది.

చైనా నుంచి వచ్చే డబ్ల్యూపీఎల్, ఎంఎన్ లాంటి చవక బళ్ళు ఇక్కడ వేలల్లోనే దొరుకుతాయి. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు, నేను చూడను. విప్పి, మళ్ళీ బిగించి, గేర్లు ఎలా తిరుగుతున్నాయో చూసి నేర్చుకోవడానికి అంత మంచి పాఠం ఇంకోటి లేదు. ఏ చవక బండి కొన్నా ఒక్కటి మాత్రం అడిగి తెలుసుకోండి. ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంత వేగం వస్తుందా, లేక ఆన్-ఆఫ్ స్విచ్చులా పనిచేస్తుందా అని. ఆన్-ఆఫ్ అయితే అది క్రాలర్ ఆకారంలో ఉన్న ఇంకేదో, క్రాలర్ కాదు. పైగా ఏ కంపెనీదైనా, దాని గేర్లూ ఇరుసులూ విడిగా ఇక్కడ దొరుకుతాయో లేదో షాపువాణ్ణి ముందే అడగండి. ముప్ఫై రూపాయల గేరు అరిగితే, దానికోసం నెలన్నర ఎదురుచూడటం ఏం హాబీ?

ఇప్పుడు కస్టమ్స్ కథ. 2020 బడ్జెట్లో దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ గుర్తు కూడా తప్పనిసరి చేశారు. నాసిరకం ప్లాస్టిక్ పసిపిల్లల నోట్లోకి పోకూడదని, ఇక్కడి బొమ్మల పరిశ్రమ బతకాలని చేసిన పని. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కాకపోతే నలభయ్యేళ్ళ పసిపిల్లలు మధ్యలో ఇరుక్కున్నారు. అందుకే మనవాళ్ళు అమెరికా నుంచి వచ్చే బావగారినో, ఆన్‌సైట్ ముగించుకుని వచ్చే కొలీగ్‌నో పట్టుకుంటారు. పచ్చళ్ళు అటు, క్రాలర్ ఇటు. అలా తెప్పించుకునేటప్పుడు బండిలోంచి తీసిన లిథియం బ్యాటరీని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదని, చేతి సంచిలోనే తేవాలని వాళ్ళకి ముందే చెప్పండి. అసలు బ్యాటరీ ఇక్కడే కొనుక్కుంటే ఆ తలనొప్పే ఉండదు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి ఈ ఒక్క విషయంలో సరదా పక్కనపెడతాను. లైపో బ్యాటరీ ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, దాన్ని మించకూడదు. 3 వోల్టుల కిందికి దిగకూడదు, 3.3 దగ్గరే ఆపేస్తే ఇంకా మంచిది. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మంచి ఛార్జర్లలో స్టోరేజ్ అనే మీట దానికే. పడుకునే ముందు ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. సోఫా మీద, పరుపు మీద పెట్టొద్దు, ఉత్త నేల మీద పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని "ఇంకోసారి చూద్దాం" అనుకోవద్దు. పిల్లలున్న ఇల్లయితే ఇది మోటారు, టైరు అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సిన సంగతి.

ఇక నడపడం. పోటీల్లో రెండు గుర్తుల మధ్యలోంచి బండిని పోనివ్వాలి. గుర్తుకి తగిలితే పెనాల్టీ, రివర్స్ వేస్తే పెనాల్టీ. తక్కువ పాయింట్లు వచ్చినవాడు గెలిచినట్టు. రివర్స్‌కి పెనాల్టీ ఏంటని మొదట నాకు వింతగా అనిపించింది. ఆ ఒక్క నియమం పెట్టుకుని ఇంట్లో ఆడి చూడండి, చెయ్యి దానంతటదే ట్రిగ్గర్ మీంచి లేచిపోతుంది. ఎక్కే ముందే మొత్తం దారి బుర్రలో నడిచి రావాలి. దీన్నే లైను చూడటం అంటారు.

అన్నట్టు 2023 ఆగస్టులో చంద్రుడి మీద మన ప్రజ్ఞాన్ నడిచింది చూడండి, దాని వేగం సెకనుకి ఒక సెంటీమీటరు. 27వ తారీఖున మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల గుంట ఒకటి కనిపిస్తే, వెనక్కి మళ్ళించి వేరే దారి పట్టించారు. దేశమంతా టీవీల ముందు కూర్చుని ఆ దిగడాన్నే చూసింది గానీ నాకు మాత్రం ఈ వెనక్కి తిప్పిన వార్తే పదిసార్లు చదవాలనిపించింది. ఆ కంట్రోల్ రూంలో కూర్చున్నవాళ్ళు చేసింది లైను చూడటమే. వాళ్ళకి బండి పల్టీ కొడితే చేత్తో నిలబెట్టే వీలు లేదు, అంతే తేడా.

ఈ లైను చూడటం నాకు నేర్పింది వీడియోలు కాదు. మాది గోదావరి డెల్టా. మా వైపు రాయి అంటే రైలుకట్ట మీద కంకరే. హైదరాబాదొచ్చాక కూడా చాలా ఏళ్ళు ఈ గుండ్లు నాకు క్యాబ్ కిటికీలోంచి కనపడే వెనక బొమ్మలు మాత్రమే. బండి పట్టుకుని మొదటిసారి ఊరి పడమట వైపు ఓ గుట్ట మీదికి వెళ్ళినప్పుడు, పక్క వెంచరుకి కాపలా ఉండే పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"గిదేంది సారూ, పిల్లగాని బొమ్మనా?"

"నాదే తాతా."

ఆయనేమీ నవ్వలేదు. బీడీ ముట్టించుకుని కూర్చుని చూశాడు. నేను ఒక బండని ఎదురుగా ఎక్కించాలని చూస్తున్నాను, ప్రతిసారీ అదే చోట జారుతోంది. నాలుగోసారి ఆయనే లేచి వచ్చాడు. "గట్ల ఎక్కది సారూ. ఆడ పొర లేచింది, కింద మొరం ఉన్నది. ఈ పగులు పట్టుకొని పక్కకెల్లి పోనీ" అని వేలితో చూపించాడు. చూపించిన చోట పెడితే ఎక్కేసింది. ముప్ఫై ఏళ్ళు రాళ్ళు కొట్టిన చెయ్యి అట అది. ఏ రాయి ఎటు చీలుతుందో చూడగానే చెప్పేవాణ్ణన్నాడు. ఆ తర్వాత నాలుగైదు ఆదివారాలు ఆయన నాకు గురువు. పొర లేచిన చోట చేత్తో కొడితే బోలుగా మోగుతుందని, అక్కడ బరువు పెట్టకూడదని చెప్పాడు. గరుకుగా గింజలు తేలిన చోట పట్టు ఉంటుందట, నల్లగా నీటి చార ఉన్నచోట జారుతుందట. రాలిన మొరం మీద చక్రం గోళీల మీద పెట్టినట్టే. అవన్నీ తర్వాత టైరుతో పరీక్షించి చూసుకున్నాను, ఒక్కటీ పొల్లు పోలేదు.

ఈ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటు, పైనున్న బరువు పోయేకొద్దీ బీటలు తీసి, ఆ బీటల్లో నీళ్ళు చేరి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా ఊడుతూ ఇలా గుండ్రంగా తేలింది. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు కనపడేది అందుకే, ఎవరూ పేర్చలేదు. ఎక్కడున్నది అక్కడే మిగిలింది. సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ చూసినవాళ్ళకి, ఖాజాగూడ గుట్టలెక్కినవాళ్ళకి, దుర్గం చెరువు పక్కన నడిచినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. క్రాలర్ వాళ్ళకి ఇంత మంచి రాయి దొరకడం అదృష్టం. ఆ గరుకుదనం అలాంటిది. విశాఖ వైపు ఖొండలైటు ఎండకీ వానకీ ఎర్రగా పిండి అయిపోయి చక్రం కింద రాలుతుంది, అక్కడ నడిపే పద్ధతే వేరు. అనంతపురం వాళ్ళకి మాత్రం మనకన్నా ఎక్కువే ఉంది.

మనదగ్గర ఉన్నది ఎంతకాలం ఉంటుందన్నదే ప్రశ్న. ఈ రాళ్ళని కాపాడాలని 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంస్థ మొదలైంది. ఊళ్ళో కొన్ని రాతి గుట్టల్ని వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కించారు. జాబితాలో లేని గుట్ట సంగతి మీకు తెలిసిందే. ముందు నీలం రేకులు కడతారు, తర్వాత కంప్రెసర్ వస్తుంది, ఒక మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. ఆ పెద్దాయన నాకు లైను చూపించిన గుట్ట ఇప్పుడు లేదు. ఉన్నచోట మూడు అంతస్తుల లోతు సెల్లార్ తవ్వుతున్నారు. ఆయన ఏ సైటుకి మారాడో కనుక్కుందామని వెళ్తే, ఉన్న కుర్రాడికి ఆయన పేరు కూడా తెలీదు. ఇందులో నేను ఎవర్నీ వేలెత్తి చూపించలేను. నేనుండే ఫ్లాటు సెల్లార్ గోడలకి ఇప్పటికీ డ్రిల్లు వేసిన సగం గొట్టాల గీతలు కనపడతాయి, సిమెంటు పూయని చోట. ఒకప్పుడు వాటి పక్కన కారు పెట్టి లిఫ్ట్ ఎక్కిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ గోడ దగ్గర ఆగి, ఇది ఎటు చీలిన రాయో చూస్తుంటాను. నాకు తెలియకుండానే చెయ్యి పెట్టి తట్టి చూస్తాను. వాచ్‌మన్ ఏమనుకుంటున్నాడో తెలియదు.

కాబట్టి బండి కొంటే దాన్ని దిండ్ల మీదే అట్టిపెట్టకండి. చెయ్యి కాస్త కుదిరాక, ఇంకా మిగిలున్న ఏదో ఒక గుట్టకి పట్టుకెళ్ళండి. నడిపేది ఇరవై నిమిషాలే అయినా, బండి వెంట మీరు కూడా ఎక్కి దిగాలి కాబట్టి రెండు గంటల వ్యాయామం తేలుతుంది. జిమ్ముకి కట్టే డబ్బులు టైర్లకి వస్తాయి. గుడి ఉన్న గుండు, దర్గా ఉన్న గుండు, పాత బొమ్మలు గీసున్న బండ, వీటి జోలికి వద్దు. ప్రైవేటు స్థలమైతే కాపలా ఉన్నవాళ్ళని అడిగి వెళ్ళండి, చాలామంది కాదనరు, పైగా చూడ్డానికి వాళ్ళే వస్తారు. 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్లు, ఒక ఎక్స్‌ట్రా బ్యాటరీ, రెండు లీటర్ల నీళ్ళు సంచిలో పడెయ్యండి. బండి రాళ్ళ సందులో పడితే చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి చూడండి, తేళ్ళు ఉంటాయి. వేసవిలో అయితే ఆరింటికల్లా అక్కడుండాలి. తొమ్మిదిన్నర దాటితే బండ కాలిపోతుంది, టైరు సంగతేమో గానీ కూర్చుని ట్రిగ్గర్ నొక్కడం మనవల్ల కాదు.